గొలుసు మాటల ఆట: అక్షరం, పదం, తీర్పరి
(కర్నూలు, కడప ప్రాంతాల నేపథ్యంలో ఒక పరిశీలన)

ఉపోద్ఘాతం

ఒకరు ఒక మాట చెబుతారు. ఆ మాట చివరి అక్షరంతో మొదలయ్యే మాటను తరువాతి వారు చెప్పాలి. చెప్పిన మాట మళ్ళీ చెప్పకూడదు, అందుకోలేనివారు ఓడినట్టు. నియమాలు ఇంతే. అరుగు మీద, బడిలో, ప్రయాణంలో ఆడిన ఈ ఆటను నేటి యువత చరవాణి సందేశాల్లో, మిత్రబృందాల్లో ఆడుతున్నారు. ఒకరు కర్నూలులో, మరొకరు ప్రొద్దుటూరులో, ఇంకొకరు బెంగుళూరులో ఉండి ఒకే గొలుసును సాగిస్తున్నారు.

కాలక్షేపంగా కనిపించే ఈ ఆట మూడు ప్రశ్నలను ఆటగాళ్ళ ముందు ఉంచుతుంది. అక్షరం అంటే ఏది? మాట అంటే ఏది? ఆ రెండింటిని నిర్ణయించేది ఎవరు? మొదటిది లిపికి, రెండవది నిఘంటువుకు, మూడవది అధికారానికి సంబంధించిన ప్రశ్న. తెలుగులో గొలుసుకట్టు రచనల, ఆటల చరిత్రను ఈ మూడు ప్రశ్నల వెలుగులో పరిశీలించడం, కర్నూలు, కడప ప్రాంతాల పలుకుబడికి ఆ చరిత్రలో దక్కిన స్థానాన్ని గుర్తించడం ఈ వ్యాసం ఉద్దేశం.

గొలుసుకట్టు: పూర్వరూపాలు

ఒక పాదం చివర విడిచిన పదాన్ని తరువాతి పాదం మొదట గ్రహించడాన్ని మన ఆలంకారికులు ముక్తపదగ్రస్తం అన్నారు. పేరులోనే ప్రక్రియ ఉంది: ముక్తమైన పదం గ్రస్తమవుతుంది. ఇది శబ్దాలంకారంగా శాస్త్రగ్రంథాల్లో చోటు చేసుకున్నా, దాని జీవం శాస్త్రానికి బయట కూడా ఉంది. తెలుగునాట పిల్లలు కాళ్ళు బారచాపి కూర్చుని ఆడే 'కాళ్ళాగజ్జె కంకాళమ్మ' పాట దీనికి చక్కని ఉదాహరణ. ఆ పాటలో మొగ్గ, నీడ, బావి వంటి మాటలు వరుసగా వస్తాయి. ఒక చరణం చివరి మాటను తరువాతి చరణం అందుకుంటుంది, అది కాదని తోసిపుచ్చి కొత్త మాటను తెస్తుంది. అలంకారం పేరు తెలియని పసిపిల్లలు ఆ అలంకారంతోనే ఆడుకుంటున్నారు. ఏడు చేపల కథలో కూడా ఇటువంటి అందింపే ఉంది. చేప ఎండకపోవడానికి గడ్డిమోపు, గడ్డిమోపు అడ్డం తొలగకపోవడానికి ఆవు, ఇలా ఒక్కొక్క జవాబు తరువాతి ప్రశ్నకు దారి తీస్తుంది. జానపద పరిశోధకులు దీనిని గొలుసు కథగా వర్గీకరించారు.

పొరుగునున్న తమిళంలో ఈ లక్షణం ఒక ప్రక్రియగా స్థిరపడి 'అంతాది' అయింది. ఒక పద్యం అంతం తరువాతి పద్యానికి ఆది కావడం దీని లక్షణం. నమ్మాళ్వారు తిరువాయ్‌మొళి పాశురాలు ఈ పద్ధతిలో గొలుసుగా సాగి, చివరి పాశురం ముగింపు మొదటి పాశురం ప్రారంభాన్ని తాకుతుంది. గొలుసు మాలగా మారుతుంది. ఈ సంప్రదాయం సీమకు దూరమైనది కాదు. నల్లమల కొండల్లోని అహోబిలం నూట ఎనిమిది దివ్యదేశాలలో ఒకటి. తాళ్ళపాక అన్నమాచార్యులు అక్కడ ఆదివణ్ శఠకోప యతి వద్ద వేదాంతం అభ్యసించినట్లు తాళ్ళపాక చిన్నన్న ద్విపద కావ్యం చెబుతుంది. తమిళ ప్రబంధం సీమలోని వైష్ణవ క్షేత్రాల నిత్య పఠనంలో భాగమై నిలిచింది.

అంతాదికి అందమొక్కటే ప్రయోజనం కాదు. నోటితో పాఠాన్ని నిలుపుకొనే సమాజంలో గొలుసు ఒక కాపుదల. ఒక పద్యం జారిపోతే ముందూ వెనుకా అతకవు, కొత్త పద్యం చొప్పిస్తే అతుకు బయటపడుతుంది. అంటే గొలుసుకట్టు మొదట జ్ఞాపకానికి సాధనం. పోటీగా మారడం తరువాతి దశ. పాఠంలో పదాన్ని విడిచేదీ పట్టేదీ ఒకే కవి. ఆటలో విడిచేవారు ఒకరు, పట్టేవారు మరొకరు. ఈ మార్పుతోనే తీర్పరి అవసరం ఏర్పడింది.

పద్యాల అంత్యాక్షరి, మకుటం తెచ్చిన చిక్కు

తెలుగు బడులలో అంత్యాక్షరిని చాలాకాలం పద్యాలతో ఆడించారు. ఒక విద్యార్థి పద్యం చదివితే, దాని చివరి అక్షరంతో మొదలయ్యే పద్యాన్ని తరువాతి విద్యార్థి చదవాలి. 1993లో జీ టీవీ హిందీలో ప్రారంభించిన కార్యక్రమం వల్ల అంత్యాక్షరి అంటే సినిమా పాటలనే భావం దేశమంతటా బలపడింది. అయితే పద్యాల అంత్యాక్షరిలో ఒక విశేషమైన చిక్కు ఉంది. పిల్లలకు ఎక్కువగా వచ్చేవి శతక పద్యాలు. శతకానికి మకుటం ఉంటుంది, అది సాధారణంగా పద్యాంతంలో ఉంటుంది. వేమన పద్యం ఏది చదివినా చివరి అక్షరం 'మ'. సుమతి శతకానికి 'త', కాళహస్తీశ్వర శతకానికి, భాస్కర శతకానికి 'ర', దాశరథీ శతకానికి 'ధ'. వందల పద్యాలు వచ్చిన విద్యార్థి కూడా ఎదుటివారికి ఇవ్వగలిగే అక్షరాలు వేళ్ళ మీద లెక్కపెట్టదగినవి.

వేమన పద్యాలు విరివిగా ప్రచారంలో ఉన్న సీమలో ఈ చిక్కు మరీ స్పష్టం. ఒకరు వేమన పద్యం చదివితే మరొకరు మకారాది పద్యం చదవాలి. వారు కూడా వేమననే ఆశ్రయిస్తే మూడవవారికి మళ్ళీ మకారమే. మకారాది పద్యాలు అయిపోయేదాకా ఆట ఒకే అక్షరం చుట్టూ తిరుగుతుంది. దీనికి విరుగుడుగా మకుటానికి ముందున్న అక్షరాన్ని తీసుకోవడమో, పద్యం విడిచి పదం పట్టుకోవడమో చేయాలి. శతక ప్రక్రియకు ప్రాణమైన మకుటం ఆటకు అడ్డంకి కావడం గమనార్హం. మకుటం పద్యాన్ని ముగిస్తుంది, అంత్యాక్షరి ముగింపును ప్రారంభంగా కోరుతుంది.

ఇదే ప్రాంతంలో మరొక భాషా సంప్రదాయం కూడా ఉంది. కర్నూలు, కడప రెండూ నవాబుల పాలన చూసిన పట్టణాలు. 2016లో డాక్టర్ అబ్దుల్ హఖ్ ఉర్దూ విశ్వవిద్యాలయం కర్నూలులో ఏర్పడింది. ఉర్దూ సాహిత్య సంస్కృతిలో పద్యానికి పద్యం అందించే ఆటను బైత్‌బాజీ అంటారు. అక్కడ తీసుకునేది ఉర్దూ లిపిలో చివర రాసే అక్షరం. ఆ లిపిలో హ్రస్వాచ్చులు సాధారణంగా రాయరు కాబట్టి హల్లును అందుకోవడం సహజం. తెలుగులో హల్లు, అచ్చు కలిసి ఒకే అక్షరం. అందువల్ల పక్కపక్క వీధుల్లో ఆడే రెండు ఆటలకు పేర్లు వేరైనట్లే, అక్షరం అనే భావన కూడా వేరు.

పండిత సభలలో ఆటకు దగ్గరి బంధువు అవధానంలోని నిషిద్ధాక్షరి. కవి ఒక అక్షరం చెబుతాడు, తరువాత ఏ అక్షరం వాడకూడదో పృచ్ఛకుడు చెబుతాడు, దానిని తప్పించి కవి మరొక అక్షరం వేస్తాడు. గొలుసు ఆటలో అక్షరం ఆదేశం, నిషిద్ధాక్షరిలో అక్షరం నిషేధం. వంతులవారీగా సాగడం, తరువాతి అడుగు ఎదుటివారి చేతిలో ఉండడం రెండింటికీ సమానం. అవధానానికి సీమలో ప్రొద్దుటూరు ఒక ముఖ్యకేంద్రం. దుర్భాక రాజశేఖర శతావధాని, గడియారం వేంకట శేషశాస్త్రి అక్కడ జంటగా అవధానాలు చేశారు. అదే ఊరికి చెందిన సి.వి. సుబ్బన్న శతావధాని అవధాన విద్య ఆరంభ వికాసాలను పరిశోధనాంశంగా స్వీకరించారు. అవధాన సభలో తీర్పరి సందేహం లేదు: లక్షణ గ్రంథం, దానిని ఎరిగిన పృచ్ఛకుడు. మిత్రుల ఆటలో ఆ స్థానం ఖాళీ.

డుమువులు: మాట మొదలు, మాట చివర

తెలుగు అజంత భాష. ఆ లక్షణం గొలుసు ఆటకు అనుకూలమని పైకి తోస్తుంది. వాస్తవంలో తెలుగు మాటలు ముగిసే అక్షరాలకు, మొదలయ్యే అక్షరాలకు పొంతన తక్కువ. సంప్రదాయ వ్యాకరణం ప్రథమా విభక్తి ప్రత్యయాలను డుమువులు అంటుంది: డు, ము, వు, లు. నిఘంటువులోని తత్సమ నామాలు అధికంగా ఈ ముగింపులే ధరించి కనిపిస్తాయి. రాముడు, వృక్షము, ధేనువు, వీటి బహువచనాలు ఇందుకు నిదర్శనం. వీటిలో 'ము'తో మాటలు పుష్కలం. 'డు', 'లు' మొదటగల మాటలు బహు తక్కువ. 'వు' సంగతి మరీ విచిత్రం. య వర్ణం, వు వూ వొ వో అనేవి తెలుగు మాటలకు మొదట లేవని చిన్నయసూరి బాలవ్యాకరణం సంజ్ఞా పరిచ్ఛేదంలోనే సూత్రీకరించింది. అంటే ఒకే వ్యాకరణం ఒకచోట మాటను 'వు'తో ముగించమంది, మరొకచోట 'వు'తో మొదలు కారాదంది. 'ధేనువు' అన్న ఆటగాడు ఎదుటివారి దారిని వ్యాకరణబద్ధంగా మూసినట్టే.

ణకార ళకారాల స్థితి కూడా ఇంతే. 'వీణ', 'కళ' అంటే తరువాతి మాట దొరకదు. సంస్కృత ధాతుపాఠంలో ణకారంతో చెప్పిన ధాతువులు సైతం పాణిని సూత్రం ప్రకారం ప్రయోగంలో నకారాదులవుతాయి. ఆటగాళ్ళు దీనికి ఒక పరిష్కారం కనుగొన్నారు: ణకారం వస్తే నకారం, ళకారం వస్తే లకారం చాలు. లకార ళకారాల అభేదం లాక్షణికులు ప్రాస విషయంలో చర్చించినదే. ఛందస్సు చదవని యువకులు ఆట అవసరం కోసం ఆ నియమాన్ని తిరిగి కల్పించుకున్నారు.

జపాను దేశీయుల 'షిరితోరి' ఆటతో పోలిస్తే ఈ పరిష్కారం విలువ తెలుస్తుంది. అది కూడా మాట చివరి లిపి సంకేతాన్ని అందుకునే ఆట. జపనీయంలో నకారపు పొల్లుతో మాటలు మొదలు కావు. కనుక ఆ పొల్లుతో ముగిసే మాట చెప్పినవారే ఓడిపోతారు. వారు మూసిన దారిని ఓటమి నియమంగా మార్చుకున్నారు. తెలుగువారు మూసిన దారిని తెరిచే నియమాలు చేసుకున్నారు. మూసిన దారులు జపనీయంలో ఒకటైతే తెలుగులో అనేకం కాబట్టి, ఆట సాగాలంటే సడలింపు తప్పనిసరి.

అనుస్వారం మరొక సమస్య. 'పుస్తకము' గ్రాంథిక రూపం, 'పుస్తకం' వ్యావహారిక రూపం. మొదటి రూపం అంగీకరిస్తే 'ము' అందుకోవాలి. అప్పుడు తత్సమ నపుంసక నామాలన్నీ ఆటను మకారం చుట్టూ తిప్పుతాయి, వేమన మకుటం తెచ్చిన చిక్కే మళ్ళీ ఎదురవుతుంది. రెండవ రూపంలో సున్నను విడిచి 'క' అందుకుంటే వృక్షానికి 'క్ష', మేళానికి 'ళ', రాగానికి 'గ' వస్తాయి. సున్నను లెక్కించకపోవడం ఆటకు వైవిధ్యం ఇస్తుంది. వ్యావహారిక భాష గెలుపును వాదోపవాదాల చరిత్రలోనే వెతకనక్కర లేదు. ఆట నియమంలో కూడా అది కనిపిస్తుంది.

'యాప' మాట కాదా?

పై సూత్రం యకారాది మాటలు తెలుగులో లేవంటుంది. సీమ పలుకుబడి లేవని ఒప్పుకోదు. వేప ఇక్కడ యాప, వేళ యాళ, ఎక్కడ అనే అర్థంలో యాడ. అలాగే ఉప్పును వుప్పుగా, ఒకటిని వొకటిగా పలకడం సీమకే పరిమితం కాదు, పాత అచ్చు పుస్తకాలలో రాత రూపంగా కూడా కనిపిస్తుంది. అంటే 'య', 'వు' దగ్గర ఆట ఆగిపోవడానికి కారణం తెలుగు నోరు కాదు, తెలుగు రాతకు ఏర్పడిన ప్రమాణం.

కర్నూలు, కడప మిత్రులు ఆడే ఆటలో ఈ సందర్భం తరచుగా ఎదురవుతుంది. 'కాయ' అని ఒకరంటే 'యాప' అని మరొకరు అందుకుంటారు. సీమ మిత్రులకు అది మాట. కోస్తా మిత్రుడు బృందంలో ఉంటే 'వేప కదా' అని అభ్యంతరం చెబుతాడు. నిఘంటువు చూద్దామంటే ప్రమాణ రూపం వైపే మొగ్గు ఉంటుంది. ఆటలో ఓడినది ఒక అంకె కావచ్చు. ఆ తీర్పు వెనుక చెప్పకుండా నిలిచే భావం మాత్రం చిన్నది కాదు: అమ్మమ్మ నోటి మాట మాట కాదు, పుస్తకంలోని మాటే మాట.

ఈ భావాన్ని ప్రశ్నించే సంప్రదాయం కూడా సీమలోనే ఉంది. 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చిన సి.పి. బ్రౌన్ 1829లో వేమన పద్యాలను ప్రచురించాడు, 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును వెలువరించాడు. కావ్యభాషతో పాటు వాడుక మాటలను కూడా అందులో చేర్చాడు. 1854 నాటి మిశ్రభాషా నిఘంటువులో తెలుగువారి నోట నలిగే అన్యదేశ్యాలకు చోటిచ్చాడు. ఒక శతాబ్దం తరువాత భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ పదాలను ప్రాంతాలవారీగా నమోదు చేసింది. నాగలి ఒకచోట నాగలి, మరొకచోట మడక అని చెప్పడం ఒకటి ఒప్పు, మరొకటి తప్పు అనడం కాదు. రెండూ తెలుగని చెప్పడం.

మెట్ట సేద్యపు మాటలతోనే ఒక గొలుసు కట్టి చూడవచ్చు. మడక, కొర్ర, రాగి, గెనిమ. హల్లును మాత్రమే అందుకునే నియమం ప్రకారం మడకలోని 'క' కొర్రకు, కొర్రలోని 'ర' రాగికి, రాగిలోని 'గ' గెనిమకు, గెనిమలోని 'మ' తిరిగి మడకకు చేరుతుంది. దుక్కి, పైరు, గట్టు ఒక వలయంలో నిలిచాయి. ట్రాక్టరు వచ్చిన తరువాత మడక చేలో కనిపించడం అరుదైంది. వస్తువు పోయిన చోట మాట నిలవాలంటే దానిని పలికే సందర్భం ఒకటి కావాలి. గొలుసు ఆట అటువంటి సందర్భం. అవసరం పడితే తప్ప గుర్తుకు రాని మాటను అది గుర్తుకు తెప్పిస్తుంది.

యంత్రానికి అక్షరం

ఆట ఆన్‌లైన్ వేదికకు చేరిన తరువాత తీర్పరి స్థానంలోకి యంత్రం రాగలదా అనే ప్రశ్న వచ్చింది. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి సంచికలోనే తెలుగు లిపి ఉంది. అయితే యూనికోడ్ నిల్వ చేసేది మనం అనుకునే అక్షరాన్ని కాదు. హల్లు, గుణింతపు గుర్తు, పొల్లు, సున్న దేనికదే ఒక సంకేతం. 'స్త్రీ' మనకు ఒక అక్షరం, యంత్రానికి ఆరు సంకేతాలు. 'రాగి'లో చివరి సంకేతం గుడి గుర్తు, 'పుస్తకం'లో చివరి సంకేతం సున్న. చివరి సంకేతంతో మొదలయ్యే మాట వెతకమని యంత్రానికి చెబితే గుడితో మొదలయ్యే మాటకోసం వెతుకుతుంది. తెలుగులో అది ఉండదు. ఇంగ్లీషు ఆటకోసం రాసిన సూత్రం తెలుగులో మొదటి అడుగులోనే విఫలమవుతుంది.

సంకేతాలను పాఠకుడి అక్షరాలుగా కూర్చే నియమాలు యూనికోడ్‌లో వేరుగా ఉన్నాయి. వాటి ప్రకారం 'రాత్రి' చాలాకాలం రా, త్, రి అని మూడు భాగాలుగా విడిపోయేది. 2023లో వచ్చిన 15.1 సంచిక తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపులలో సంయుక్తాక్షరాన్ని విడదీయకుండా ఒక్కటిగా పరిగణించే నియమాన్ని చేర్చింది. ఇప్పుడు 'రాత్రి' రా, త్రి అని రెండు భాగాలు. ఆటగాళ్ళు అరుగు మీద వాదించుకున్నది ఇదే: రాత్రికి 'రి' అందుకోవాలా, 'త్రి' అందుకోవాలా? పాత నియమం మొదటి పక్షం, కొత్త నియమం రెండవ పక్షం. పిల్లల వాదం, ప్రమాణ సంస్థ నిర్ణయం ఒకే సమస్యకు రెండు రూపాలు. అక్షరం సహజంగా ఉన్న వస్తువు కాదు, అంగీకారంతో ఏర్పడేది అనే సత్యాన్ని రెండూ ధ్రువపరుస్తున్నాయి.

అక్షర సమస్య తీరినా పద సమస్య మిగులుతుంది. యంత్రం మాటను ఒప్పుకోవడానికి దాని వెనుక ఒక పదజాబితా ఉండాలి. ఆ జాబితా అచ్చు నిఘంటువు నుంచో, అంతర్జాలంలోని రాతల నుంచో వస్తుంది. రెండింటిలోనూ 'యాప'కు, 'గెనిమ'కు చోటు దొరకడం కష్టం. అచ్చులో ప్రమాణభాష వల్ల వెనుకబడిన మాట, యంత్రంలో రెండవసారి వెనుకబడుతుంది. మొదటిసారి దానిని తప్పన్నారు. రెండవసారి అది అసలు లేదంటారు. లేదనడం తప్పనడం కంటే కఠినమైన తీర్పు, ఎందుకంటే దానిపై వాదించే అవకాశం ఉండదు.

ఈ కారణం వల్లనే మిత్రులు తమలో తాము ఆడే ఆటకు ప్రత్యేకమైన విలువ ఉంది. అక్కడ వేదిక యంత్రానిది, తీర్పు మనుషులది. అభ్యంతరం వస్తే 'మా ఊర్లో ఇట్లే అంటారు' అనే సాక్ష్యం చెల్లుతుంది. ఒకరు చెప్పిన మాటకు మరొకరు అర్థం అడుగుతారు, చెప్పినవారు ఇంట్లో పెద్దవారిని అడిగి వివరిస్తారు. ఆ సంభాషణలో మాట, అర్థం, ఊరు, వాడుక సందర్భం నాలుగూ ఒకచోట నమోదవుతాయి. క్షేత్రపర్యటనలో మాండలిక పరిశోధకుడు సేకరించేవి కూడా ఈ నాలుగే.

ముగింపు

గొలుసు ఆట చరిత్రలో తీర్పరి స్థానం మారుతూ వచ్చింది. అంతాది పాఠంలో పాఠమే తీర్పరి, అతుకు తప్పితే తెలిసిపోతుంది. అవధాన సభలో లక్షణ గ్రంథం, బడిలో ఉపాధ్యాయుడు, పదాల ఆటలో నిఘంటువు ఆ స్థానంలో నిలిచాయి. ఆన్‌లైన్ వేదిక మీద యంత్రం ఆ స్థానానికి వస్తోంది. ప్రతి దశలోనూ అక్షరానికి ఒక నిర్వచనం, మాటకు ఒక హద్దు ఏర్పడ్డాయి. ఆ హద్దులు భాషా స్వభావం నుంచి మాత్రమే పుట్టినవి కావని డుమువుల చిక్కు, యకారాది నిషేధం, సున్నను విడిచే నియమం తెలియజేస్తున్నాయి.

ఈ పరిశీలన తెలుగు శాఖలకు ఒక పనిని కూడా సూచిస్తుంది. విద్యార్థులు ఆడే ఆటలలో వచ్చే మాండలిక పదాలను వారి అనుమతితో, వ్యక్తుల వివరాలు లేకుండా, ఊరు, అర్థాలతో సేకరించవచ్చు. అటువంటి సేకరణను యంత్రానికి ఉపయోగపడే పదజాబితాగా కూర్చితే 'యాప' తెలుగు మాటేనని యంత్రానికి కూడా తెలుస్తుంది. బ్రౌన్ కడపలో పండితులను కూర్చోబెట్టి తాళపత్రాల నుంచి చేయించిన పనికి ఇది నేటి కొనసాగింపు. వనరులు మారాయి. తాళపత్రం పాడవడానికి కొన్ని తరాలు పట్టేది, సందేశం చెరిగిపోవడానికి ఒక్క వేలి తాకిడి చాలు. కనుక ఆట సాగుతున్నప్పుడే సేకరణ మొదలు కావాలి.